పింఛను: ఒకరి దయా, దాచిపెట్టిన జీతమా?



నవంబరు మృతుల మాసం. రెండవ తేదీన సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తాము, పూలు చల్లుతాము, దివ్యబలిపూజలో మన పెద్దల పేర్లు చదివించుకుంటాము. విచారణ ఆఫీసులో కూర్చునే నాబోటివాడికి ఈ మాసం మరొక విధంగా కూడా జ్ఞాపకం ఉంటుంది. బ్రతికి ఉన్నవారు తాము బ్రతికే ఉన్నామని రుజువు చేసుకునే మాసం కూడా ఇదే. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు జీవన ధ్రువపత్రం కోసం బ్యాంకుల ముందు వరుస కట్టేది ఇప్పుడే. పి.ఎఫ్. పింఛను వారు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చునని చెప్పినా, అలవాటు కొద్దీ వారిలో చాలామంది నవంబరులోనే బయలుదేరుతారు.

నిరుడు ఇదే రోజుల్లో ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చారు. డెబ్బై దాటిన వయసు. సనత్‌నగర్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఇరవై నాలుగేళ్ళు లేత్ మిషను మీద పనిచేసిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడిన తరువాత పంజాగుట్టలో ఒక అపార్టుమెంటుకు రాత్రి వాచ్‌మన్‌గా కుదిరారు. ఇప్పటికీ అదే పని. అంటే ఆయన పింఛనూ తీసుకుంటున్నారు, ఉద్యోగమూ చేస్తున్నారు. ఆయన వచ్చిన పని ఏమిటంటే, రెండు చోట్ల వేలిముద్ర పెట్టినా యంత్రం తీసుకోలేదు.

"వేళ్ళు అరిగిపోయాయంట ఫాదర్. ఆ మిషను నన్ను గుర్తుపట్టడం లేదు" అన్నారు.

ఇనుము పట్టి పట్టి గీతలు పోయాయి. ఏ పని చేసి పింఛను సంపాదించుకున్నారో ఆ పనే పింఛనుకు అడ్డం వచ్చింది. మన యువజన సంఘంలోని ఒక అబ్బాయి ఫోనులో ముఖం చూపించే పద్ధతిలో (2021 నుంచి ఆ సౌకర్యం ఉంది) పది నిమిషాల్లో పని పూర్తి చేశాడు. పెద్దాయన లేచి, గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కు తిరిగి అడిగారు: "నెలకు పన్నెండు వందల చిల్లర పడుతుంది ఫాదర్. ఇది గవర్నమెంటు వాళ్ళు దయతో ఇచ్చేదా, నాదేనా?"

"మీదే" అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. కానీ ఆ ఒక్క మాటను కారణాలతో చెప్పాలంటే కొంచెం దూరం నడవాలి. ఈ వారం పాఠం ఆ నడకే.

పింఛను లేని కాలంలో

సేద్యం మీద బ్రతికిన కాలంలో పదవీ విరమణ అనే మాటే లేదు. దున్నగలిగినంత కాలం దున్నేవాడు, తరువాత గొడ్లను కాసేవాడు, అదీ చేతకానప్పుడు కళ్ళం దగ్గర కూర్చుని పిట్టలను తోలేవాడు. వయసుతోపాటు పని తగ్గేది కానీ ఒక్కరోజున ఆగేది కాదు. ముసలితనానికి పూచీ భూమి, ఆ భూమిని పంచుకునే కొడుకులు. మన పల్లెల్లో పంపకాల వేళ తల్లిదండ్రులు తమకంటూ ఎకరమో రెండెకరాలో ఉంచుకోవడం, లేదా నెలకొక కొడుకు ఇంట్లో వంతుల వారీగా భోజనం చేయడం మీరు చూసినదే. ఆ వంతుల భోజనం ఎంత రుచిగా ఉంటుందో తిన్నవారిని అడగాలి.

పూర్వం అందరూ తల్లిదండ్రులను ప్రేమతో చూసేవారు, ఇప్పుడే చెడిపోయామని మనం అనుకుంటాము. నేను అంత గట్టిగా చెప్పలేను. మధ్య ఐరోపా రైతుకుటుంబాలలో తండ్రి కొడుకుకు పొలం అప్పగించేటప్పుడు కాగితం రాయించుకునేవాడు. పొయ్యి దగ్గర గది ఎవరిది, ఏటా ఎన్ని కొలతల ధాన్యం ఇవ్వాలి, ఎన్ని మోపుల కట్టెలు ఇవ్వాలి, ఆవు పాలలో వాటా ఎంత అన్నీ అందులో ఉండేవి. ప్రేమ ఉన్నచోట కూడా కాగితం అవసరమైందన్నమాట. ఇంగ్లండులో మధ్యయుగాల మఠాలు ఇంకొక పద్ధతి నడిపాయి. భూమి గాని సొమ్ము గాని ముందుగా మఠానికి ఇచ్చినవారికి బ్రతికినంత కాలం రోజూ రొట్టె, పానీయం, తలదాచుకోవడానికి చోటు దొరికేవి. రాజులు తమ ముసలి సేవకులను పోషించమని మఠాల మీదికి తోసివేసేవారు కూడా. దయ, బేరం, బలవంతం మూడూ అందులో కలిసి ఉండేవి.

మన హైదరాబాదు సంగతి చూడండి. నిజాం రాజ్యంలో పింఛనును 'వజీఫా' అనేవారు. విద్యార్థికి ఇచ్చే వేతనానికీ ఉర్దూలో అదే మాట. (అమీర్‌పేటకు ఎంత తగిన మాట! ఒక మెట్టు మీద కోచింగు కుర్రవాడు, పక్క మెట్టు మీద రిటైరైన ముసలాయన.) దివాణంలో చేసిన కొలువుకు వజీఫా ఉండేది. దానికి తోడు కొన్ని గొప్ప కుటుంబాలకు తరతరాలుగా 'మన్సబ్' అనే నగదు భత్యం నడిచేది. తాత చేసిన సేవకు మనుమడు తీసుకునేవాడు. మన అమీర్‌పేట పేరులోని 'అమీర్' అనే మాట అలాంటి ప్రభువులను గుర్తుచేసేదే. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1952లో నగదు భత్యాల రద్దు చట్టం వచ్చింది. ఈ ఏర్పాటులో రాళ్ళు కొట్టినవాడికి, పల్లకీ మోసినవాడికి ఏమీ లేదు. ఇచ్చేది ప్రభువు, అందుకునేది ప్రభువుకు దగ్గరివాడు.

వయసుకు గీత గీసింది ఎవరు?

యంత్రాలు వచ్చాక లెక్క మారింది. ఫ్యాక్టరీలో పని గంటల మీద నడుస్తుంది. చేయి నెమ్మదించినవాడికి తేలిక పని చూపించడానికి అక్కడ గొడ్లూ లేవు, కళ్ళమూ లేదు. పైగా కూలీ భూమిని వదిలి పట్నం వచ్చాడు, కొడుకు ఇంకో పట్నం వెళ్ళాడు. అందుచేత ముసలితనం మొదటిసారిగా ఒక కుటుంబ సమస్య నుంచి దేశ సమస్య అయింది.

జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం 1889లో వృద్ధాప్య బీమా చట్టం చేసింది. కూలీ కొంత, యజమాని కొంత కట్టాలి, ప్రభుత్వం కొంత కలుపుతుంది. పింఛను వయసు 70. దానిని 65కు తగ్గించింది 1916లో. 65 అనే అంకెను బిస్మార్కే పెట్టాడని చాలాచోట్ల రాస్తారు, అది పొరపాటు. బ్రిటన్ 1908లో చట్టం చేసి, 1909 జనవరి 1 నుంచి 70 ఏళ్ళు దాటిన పేదలకు వారానికి 5 షిల్లింగులు ఇచ్చింది. కూలీ ఏమీ కట్టనక్కరలేదు. అయితే నడవడి పరీక్ష ఒకటి ఉండేది. పని చేయకుండా తిరిగేవాడని పేరున్నా, జైలుకు వెళ్ళివచ్చినా పింఛను లేదు. అమెరికా సామాజిక భద్రతా చట్టం 1935లో వచ్చింది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. అప్పటి మనుషుల సగటు ఆయుర్దాయం యాభై కూడా లేదు కదా, 70కి పింఛను అంటే ఎవరికీ ఇవ్వకుండా మోసం చేయడమే కదా? కొంత నిజం, కొంత కాదు. సగటు ఆయుర్దాయం తక్కువగా ఉండడానికి పెద్ద కారణం పసిపిల్లల మరణాలు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. అంటే అందరూ ముప్పై రెండేళ్ళకే పోయారని అర్థం కాదు. ఐదేళ్ళు దాటిన బిడ్డకు పెద్దవాడయ్యే అవకాశం బాగానే ఉండేది, అరవై చేరినవాడు ఇంకొన్నేళ్ళు బ్రతికేవాడు. ఇప్పుడు సగటు 70 చుట్టూ ఉంది. 2011 జనాభా లెక్కలలో 60 దాటినవారు దేశంలో 10 కోట్లకు పైగా ఉన్నారు. ముసలివారు లోకానికి కొత్త కాదు. ఇంతమంది ఉండడం కొత్త.

శ్రీసభ ఈ విషయంలో మౌనంగా లేదు. జర్మనీ చట్టం వచ్చిన రెండేళ్ళకు, 1891 మే 15న, 13వ లియో జగద్గురువులు 'రేరుం నోవారుం' విశ్వలేఖను వెలువరించారు. కార్మిక సంఘాలు ఒక నిధి పెట్టుకుని ప్రమాదంలో, జబ్బులో, ముసలితనంలో సభ్యులను ఆదుకోవాలని అందులో చెప్పారు. 1981లో రెండవ జాన్ పౌల్ జగద్గురువులు 'లబోరెం ఎక్సెర్చెన్స్' విశ్వలేఖలో వృద్ధాప్య పింఛనును పనివాడి హక్కులలో ఒకటిగా చేర్చారు. నిధి అనే మాట నుంచి హక్కు అనే మాట దాకా తొంభై ఏళ్ళు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మా ప్రొఫెసరు ఒక ప్రశ్న వేసి వారం రోజులు మమ్మల్ని తిప్పలు పెట్టారు. బాకీ తీర్చడమూ, దానం చేయడమూ రెండూ చేతిలో డబ్బు పెట్టడమే కదా, తేడా ఎక్కడుంది? చివరకు అక్వినాసు తోమాసు వారి దారిలో తేలింది ఇది. ఎవరిది వారికి ఇవ్వడం న్యాయం, నాది ఇంకొకరికి ఇవ్వడం దానం. దానం చేయనివాడు పిసినారి, బాకీ తీర్చనివాడు దొంగ. పింఛను ఈ రెండింటిలో ఏ గదిలోకి వస్తుందన్నదే మన పెద్దాయన ప్రశ్న.

న్యాయస్థానం చెప్పిన జవాబు

ఆంగ్లేయుల కాలపు 1871 పింఛన్ల చట్టం ప్రకారం పింఛను విషయంలో సివిల్ కోర్టుకు పోవడానికి దారి లేదు. ఇచ్చేది సర్కారు అనుగ్రహం, అడిగే అధికారం నీకు లేదు అని దాని భావం. వంద సంవత్సరాల తరువాత, 1971లో, దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు పింఛను అనుగ్రహం కాదు, ఉద్యోగి హక్కు అన్నది. 1982 డిసెంబరు 17న వచ్చిన నకారా కేసు తీర్పు ఇంకా ముందుకు వెళ్ళింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, ఆ తరువాతి వారికి మెరుగైన లెక్క పెట్టిన కేంద్రాన్ని తప్పుపట్టింది. జస్టిస్ డి.ఎ. దేశాయ్ రాసిన ఆ తీర్పులో, పింఛను గతంలో చేసిన పనికి తరువాత ముట్టే ప్రతిఫలం అనే మాట స్పష్టంగా ఉంది. ఉద్యోగ సంఘాలు డిసెంబరు 17ను పింఛనుదారుల దినంగా జరుపుకోవడం అందుకే.

ఆ తీర్పు వచ్చి రెండు నెలలు తిరగక ముందే మన హైదరాబాదులో ఇంకొక కథ నడిచింది. నేనప్పుడు బడిపిల్లవాడిని. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఫిబ్రవరి 8న ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది. 55 నిండినవారందరూ ఫిబ్రవరి 28న ఇంటికి వెళ్ళాలి. ఇరవై రోజుల గడువు! ప్రభుత్వ ఉద్యోగులే 18,000 మందికి పైగా, ప్రభుత్వ సంస్థలవారు మరి పది వేల మంది దాకా ఒక్కసారిగా బయటికి వచ్చారు. కూతురి పెళ్ళికి మూడేళ్ళ సమయం ఉందనుకున్నవాడికి మూడు వారాలు కూడా మిగల్లేదు. నిరుద్యోగ యువకులకు చోటు కల్పించడానికే ఇలా చేశామని ప్రభుత్వం వాదించింది. నాగరాజు కేసులో 1985 జనవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి ఆ అధికారం ఉందని సమర్థించింది కూడా. కానీ ఈలోగానే, 1984 ఆగస్టులో, వయసు మళ్ళీ 58 అయింది. మధ్యలో ఇంటికి పోయినవారి సంగతేమిటని మళ్ళీ కోర్టులు, మళ్ళీ తీర్పులు.

1979లో 55 నుంచి 58, 1983లో 58 నుంచి 55, 1984లో తిరిగి 58. ఐదేళ్ళలో మనుషుల మోకాళ్ళు మూడుసార్లు మారాయా? గీత గీసేది శరీరాన్ని చూసి కాదు, ఖజానాను చూసి, ఓట్లను చూసి. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60 అయింది, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021 మార్చిలో 58 నుంచి 61కి పెంచారు. ఆ తరువాత మూడేళ్ళు విరమణలు దాదాపు ఆగిపోయాయి. విరమణ వేళ ఒక్కసారిగా ఇవ్వవలసిన పెద్ద మొత్తాలు కూడా అన్నేళ్ళు వాయిదా పడ్డాయి. ఖాళీ కుర్చీల కోసం చూస్తూ అమీర్‌పేట హాస్టళ్ళలో కూర్చున్న పిల్లలు మన పూజలకు వచ్చినప్పుడు నాతో ఏమన్నారో ఇక్కడ రాయను.

అయితే వారితో నేను పూర్తిగా ఏకీభవించను. ముసలివాడు లేస్తే కుర్రవాడు కూర్చుంటాడనే లెక్క ఒక ఆఫీసు గదిలో నిజం. దేశం మొత్తానికి ఉన్న పని ఒకే బస్సులోని సీట్ల వంటిది కాదు. సంపాదించేవాడు ఖర్చు పెడతాడు, ఆ ఖర్చు ఇంకొకరికి పని అవుతుంది. తండ్రి జీతంతోనే కదా ఆ పిల్లలు కోచింగు ఫీజు కడుతున్నది!

మన పెద్దాయన పన్నెండు వందలు

ఇంతవరకు చెప్పినది చాలావరకు ప్రభుత్వోద్యోగుల కథ. లేత్ మిషను మీద పనిచేసినవాడి కథ వేరు. 1942లో హైదరాబాద్ ఆల్విన్, 1946లో ఆస్బెస్టాస్ కంపెనీ, తరువాత పారిశ్రామికవాడ, ఇలా సనత్‌నగర్ చుట్టూ వేలమంది పల్లెల నుంచి వచ్చి చేరారు. వారికోసం దేశవ్యాప్తంగా వచ్చింది 1952 నాటి భవిష్యనిధి చట్టం. మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము ఉక్కు, కాగితం, బట్టలు అనే ఆరు పరిశ్రమలకే, అదీ 50 మంది ఉన్నచోటనే. 1960లో 20 మందికి తగ్గించారు. అది పింఛను కాదు, కూడబెట్టిన సొమ్ము ఒకేసారి చేతికివ్వడం. ఆ సొమ్ము కూతురి పెళ్ళికో, ఇంటి పైకప్పుకో పోయేది. నెలనెలా పింఛను వచ్చే పథకం 1995 నవంబరు 16న మొదలైంది.

దాని లెక్క మీ ఇంట్లో పిల్లలతో చేయించండి. జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. కానీ ఆ జీతం మీ అసలు జీతం కాదు, చట్టం పెట్టిన హద్దు వరకే. ఆ హద్దు 2001 వరకు 5,000, తరువాత 2014 వరకు 6,500, ఆ తరువాత 15,000. పదేళ్ళు పనిచేసి 6,500 హద్దులో ఉన్నవాడికి 6,500 × 10 ÷ 70, అంటే 928 రూపాయలు. 35 ఏళ్ళు చేసి 15,000 హద్దులో ఉన్నవాడికి 7,500. 1995కు ముందు చేసిన సర్వీసుకైతే ఈ సూత్రం కూడా లేదు, చిన్న స్థిర మొత్తమే. 2014 సెప్టెంబరులో కనీస పింఛను వెయ్యి రూపాయలని ప్రకటించారు. తరువాత పదేళ్ళు గడిచినా ఆ అంకె కదలలేదు. ఇందులో కరువు భత్యం లేదు. పాత పద్ధతిలో ఉన్న ప్రభుత్వ పింఛనుదారుడికి ధరలు పెరిగినప్పుడు కరువు భత్యం పెరుగుతుంది. ఫ్యాక్టరీ మనిషికి ధరలు మాత్రమే పెరుగుతాయి.

అయినా ఆ పన్నెండు వందలు ఆయనవే. ఎందుకంటే యజమాని వాటాలోంచి జీతం మీద 8.33 శాతం ఆ నిధికి పోయింది. యజమాని తన జేబులోంచి ఇచ్చాడని మీరనవచ్చు. కూలీని పెట్టుకునేటప్పుడు యజమాని మొత్తం ఖర్చు లెక్క వేసుకుంటాడు. పి.ఎఫ్.కు కట్టవలసినది చేతికిచ్చే జీతంలోంచే తగ్గుతుంది. అది ఆ రోజు చేతికి రాని జీతం. అది ఉమ్మడి నిధిలో ఉంటుంది గనుక ఈ పెట్టెలో ఇంత నాది అని చూపించలేకపోవచ్చు. బాకీ మాత్రం బాకీయే.

ప్రభుత్వోద్యోగులకు కూడా కాలం మారింది. కేంద్రంలో 2004 జనవరి 1 తరువాత, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి పాత పింఛను లేదు. వారు కట్టిన సొమ్ము మార్కెట్టులో పెరిగినంతే. ఈ మార్పు మీద ఉపాధ్యాయులు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం తన ఉద్యోగులకు హామీతో కూడిన మరొక పథకాన్ని ఎంచుకునే వీలు కల్పించింది. మన విచారణలోని యువ టీచర్లు ఈ వ్యత్యాసం తెలుసుకుని ఉండాలి. చాలామందికి తెలియదు.

ఏ గీతా లేనివారు

ఇంటిపని చేసేవారు, ఆటో నడిపేవారు, మేస్త్రీ కింద కూలీలు, బట్టల షాపుల్లో రోజంతా నిలబడే ఆడపిల్లలు – వీరిలో ఎక్కువమందికి పి.ఎఫ్. లేదు. వీరికి విరమణ వయసు ప్రభుత్వం చెప్పదు, నడుము చెబుతుంది. 1995 ఆగస్టు 15న కేంద్రం 65 దాటిన నిరుపేదలకు నెలకు 75 రూపాయల పింఛను మొదలుపెట్టింది. 2006లో 200 చేసింది. 80 దాటనివారికి కేంద్రం వాటా ఆ తరువాత దశాబ్దంన్నర దాటినా అదే 200. మిగిలినది రాష్ట్రాల భారం. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పేరుతో వెయ్యి, 2019లో 2,016, 2022లో వయసు 57. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో 4,000. ఎన్నికల సభల్లో ఈ అంకెలు వేలం పాటలా పెరగడం చూసి చదువుకున్నవారు నవ్వుతారు, ఉచితాలంటారు. నలభై ఏళ్ళు ఇటుకలు మోసిన మనిషి కట్టిన పన్ను లేదా? ఆయన కొన్న ప్రతి అగ్గిపెట్టె మీద, ప్రతి సబ్బు మీద పన్ను కట్టాడు. ఆయన మోసిన ఇటుకలతో లేచిన మేడల్లోనే మనం నవ్వుతున్నాము.

ఇక నా సంగతి. ఇంతకు ముందు నేను సేవ చేసిన ఒక విచారణలో, గురువుల బంగళాలో ఒకావిడ 22 ఏళ్ళు వంట చేసింది. నలుగురు గురువులు మారారు, నేను ఐదోవాడిని. మోకాళ్ళు పట్టేసి ఇక రాలేనన్నప్పుడు శాలువా కప్పాము, చీర పెట్టాము, కవరులో 5,000 పెట్టి ఇచ్చాము. ఆమె సేవాభావం మీద నేను చక్కని ప్రసంగం కూడా చేశాను. రెండేళ్ళ తరువాత ఒక పెళ్ళి విందులో, భోజనాల వెనుక గిన్నెలు తోముతూ కనబడింది. నన్ను చూసి సంతోషంగా లేచి నిలబడింది. నేనే తల దించుకున్నాను.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. అన్నేళ్ళ జీతం సగటున నెలకు 3,000 అనుకుందాం. ఫ్యాక్టరీ యజమాని చట్టప్రకారం కట్టే 8.33 శాతం అంటే 250 రూపాయలు. 22 ఏళ్ళంటే 264 నెలలు. వడ్డీ లేకుండానే 66,000. మేమిచ్చినది 5,000, ఒక ప్రసంగం. ఇరవై మంది లేరు గనుక చట్టం మమ్మల్ని ఏమీ అనదు. సూర్యుడు అస్తమించక ముందే కూలి ఇచ్చివేయాలని ద్వితీయోపదేశ కాండము చెప్పినప్పుడు ఇరవై మంది ఉంటేనే అని చెప్పలేదు.

విచారణ సలహా సంఘంలో ఈ విషయం పెట్టాను. ఒక పెద్దమనిషి, "ఇది మొదలుపెడితే రేపు అందరూ అడుగుతారు ఫాదర్ గారూ" అన్నారు. మంచివారే, ఖాతాలు చూసే బాధ్యత ఆయనది. నెల రోజుల చర్చ తరువాత నెలకు 2,000 ఆమె ఖాతాలో వేయాలని తీర్మానమైంది. మొదటి నెల డబ్బు పడిన మర్నాడు ఆమె బంగళాకు వచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏం పని చేయాలి ఫాదర్ గారూ?" అని అడిగింది. కూలి తెలుసు, బిచ్చం తెలుసు, ఈ మూడోది ఆమెకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

మన ఇళ్ళలో

మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మకు ముప్పై ఏళ్ళనుకుందాం. నాలుగు ఇళ్ళలో పనిచేస్తుందనుకుందాం. 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజనలో 18 నుంచి 40 ఏళ్ళ లోపువారు చేరవచ్చు. ఆదాయపు పన్ను కట్టేవారికి లేదు, ఆమె కట్టదు. ముప్పై ఏళ్ళ వయసులో చేరి నెలకు 577 రూపాయలు కడితే అరవై తరువాత నెలకు 5,000 వస్తుంది. నాలుగు ఇళ్ళూ పంచుకుంటే తలా 145 రూపాయలు. ఆమె జీతంలోంచి కోయకుండా, జీతం పైన ఇవ్వండి. ఇందులో ఒక లోపం కూడా చెప్పాలి. ఆ 5,000 ధరలతోపాటు పెరగదు. ఏటా 5 శాతం చొప్పున ధరలు పెరిగితే ముప్పై ఏళ్ళకు దాని విలువ ఈనాటి 1,150 రూపాయలపాటి. కాబట్టి ఇది సరిపోతుందని కాదు, ఏమీ లేనిదానికంటే మేలని. నలభై దాటినవారికి ఈ దారి లేదు. వారి పేరుతో పోస్టాఫీసులో నెలవారీ జమ ఖాతా తెరవండి.

కన్న తల్లిదండ్రుల విషయం. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీకి సగటున తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మంది పిల్లలు. నలుగురు కొడుకుల వంతులు ఒక్కడి మీద పడుతున్నాయి, ఆ ఒక్కడూ అమెరికాలో ఉంటున్నాడు. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని విమానం ఎక్కిన పిల్లల తల్లిదండ్రులను పంజాగుట్ట ఫ్లాట్లలో చూస్తూనే ఉన్నాను. సొమ్ము లోటు ఉండదు, జ్వరం వస్తే తలుపు తీసేవాడు ఉండడు. డబ్బు కూడా పంపనివారి సంగతి వేరు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం ఆర్.డి.ఓ. గారి ఆధ్వర్యంలోని ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకోవచ్చు. చూసుకుంటారనే షరతు రాసి ఇల్లు పిల్లల పేర పెట్టి, వారు చూడకపోతే ఆ దానపత్రాన్ని రద్దు చేయించే వీలు 23వ సెక్షనులో ఉంది. ఆ షరతు పత్రంలో రాయించుకోవడం మరువకండి. పాత ఐరోపా రైతు అందుకే కట్టెల మోపులు కూడా రాయించుకున్నాడు.

గుడికి పెద్ద కానుకలిచ్చి ఇంట్లో తల్లికి మందులు కొననివారు కూడా నాకు తెలుసు. మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో 'కొర్బాను' పేరు చెప్పి తల్లిదండ్రులను వదిలేసినవారితో ప్రభువు ఏమన్నారో ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో చదవండి. అలాంటి కానుక నా దగ్గరకు తెస్తే నేను తీసుకోను, ముందే చెబుతున్నాను.

ఈ నెల మిగిలిన ఆదివారాలలో రెండవ పూజ తరువాత విన్సెంట్ డి పాల్ సంఘం వారు, యువజనులు దేవాలయం పక్క గదిలో ఫోనులతో కూర్చుంటారు. జీవన ధ్రువపత్రం ఇవ్వవలసినవారు ఆధార్ కార్డు, పింఛను ఆర్డరు నంబరు, బ్యాంకు పాసుబుక్కు తెచ్చుకోండి. నడవలేనివారి చిరునామా ఇస్తే అబ్బాయిలే ఇంటికి వస్తారు. వేళ్ళు అరిగినవారు భయపడనక్కరలేదు. మీ ఇంట్లో పనిచేసేవారిని కూడా వెంటబెట్టుకు వస్తే అటల్ పెన్షన్ దరఖాస్తు ఎలా నింపాలో అక్కడే చెబుతారు. వారు మన మతం వారా కాదా అని ఎవరూ అడగరు.